ఆరు సీట్లు ఆపి నిలబడ్డ పిల్ల

కండక్టరుగా రిటైరైన వాళ్లను జ్ఞాపకాలు చెప్పమంటే సాధారణంగా చిల్లర గురించి మొదలుపెడతారు. ఫోనుతో డబ్బులు కట్టే మీకు చిల్లర బాధ చెప్పినా ఎక్కదు. అందుకని మీరు నాకంటే బాగా ఆరితేరిన విషయమే ఎత్తుకుంటాను. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరిని కూర్చోనివ్వకూడదు అన్నది. ఫోన్లో క్లాసంతటికీ ఒక గ్రూపు ఉండగానే, ఒక్కరిని మాత్రం వదిలేసి ఇంకో గ్రూపు పెట్టుకునే తెలివి మా కాలంలో లేదు. మేము ఆ పని కుర్చీలతో, బల్లలతో కానిచ్చేవాళ్లం.

నేను సూర్యాపేటలో ఉద్యోగంలో చేరినప్పుడు డిపోలో ఆడ కండక్టర్లు చాలా తక్కువ. రెస్టు రూములో ఫ్యాను కింద ఒక బల్ల ఉండేది. దాని మీద ఎవరు కూర్చోవాలో ఏ రూల్సులోనూ లేదు గానీ అందరికీ తెలుసు. నాకు తెలియక మొదటి వారమే వెళ్లి కూర్చున్నాను. పాపం, ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ లేచి బయటికి వెళ్లి చాయ్ తాగి వచ్చారు, అంతే. ఆ తర్వాత చాలాకాలం గోడకు ఆనుకుని నిలబడే టిఫిను తిన్నాను. నా మీద వేసిన జోకులకు అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. నవ్వితే కలుపుకుంటారని ఆశ. మిర్యాలగూడకు బదిలీ అయ్యేదాకా నవ్వాను. అక్కడ మళ్లీ మొదటి నుంచి నవ్వాల్సి వచ్చింది. కోదాడకు వచ్చేసరికి నేనే సీనియర్ని, ఫ్యాను కింది బల్ల నాదే. ఇప్పుడు మీరు ఏం అడగబోతున్నారో తెలుసు. అడక్కండి.

ఈ సంగతి నేను రిటైరవడానికి ముందు చలికాలంలో జరిగింది. మేళ్లచెరువు నుంచి కోదాడకు పొద్దున పూట పోయే పల్లెవెలుగు బస్సు నా డ్యూటీ. బస్సు ఊళ్లో బయల్దేరుతుంది. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్ల గేటు. ఆ తర్వాత అడ్డరోడ్డు, అక్కడ మిరపకాయలు ఏరబోయే కూలి ఆడవాళ్లు ఎక్కుతారు. ఈ మూడు స్టేజీలు గుర్తుంటే చాలు, మిగతా రూటు మీకు అక్కర్లేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక కూలివాళ్లు ఆటోలు మానేసి మా బస్సుకే రావడం మొదలుపెట్టారు. వాళ్లు ఆధార్ కార్డు చూపించాలి, నేను మిషన్లో జీరో టికెట్ కొట్టివ్వాలి. సున్నా రూపాయల టికెట్టే గానీ మనిషికి ఒక్కటే కొట్టాలి. ఎక్కువ కొట్టినా తక్కువ కొట్టినా సంజాయిషీ నాదే.

మా డ్రైవరన్న గురించి కూడా చెప్పాలి. బస్సు బాగా నడుపుతాడు, కానీ ఆయన అసలు వృత్తి ఉపన్యాసం. అద్దంలో చూస్తూ, వెనక్కి తిరక్కుండా, బస్సంతా వినపడేట్టు నీతులు చెబుతాడు. ఆయన దగ్గర ఒక డైలాగు ఉండేది. ముసలివాళ్లో, ఒంట్లో బాగాలేనివాళ్లో నిలబడితే, కూర్చున్నవాళ్లను ఉద్దేశించి "మీ అమ్మయితే గిట్లనే నిలవెడ్తరా?" అనేవాడు. ఒకసారి డెబ్బై దాటిన తాతను అట్లాగే అడిగాడు. మా అమ్మ పోయి శానా ఏండ్లయింది నాయనా అని తాత కూర్చున్నచోటు నుంచే జవాబిచ్చాడు. అయినా డ్రైవరన్న డైలాగు మార్చలేదు.

ఇక సీటు ఆపడం. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, విసిరితే ఆ సీటు ఆ దస్తీది. దాని యజమాని తర్వాత తీరిగ్గా ఎక్కుతాడు. మోకాళ్ల నొప్పులతో ముసలమ్మ వస్తే జరగని మనిషి, దస్తీ కనపడితే మాత్రం మర్యాదగా పక్కకు తప్పుకుంటాడు. "మనిషున్నడు" అన్న ఒక్క మాట చాలు, లేని మనిషికి అంత విలువ ఇచ్చే జనం ఇంకెక్కడా ఉండరేమో. అది రూలు కాదని నాకు తెలుసు, ప్రయాణికులకు తెలుసు, దస్తీకి తప్ప అందరికీ తెలుసు.

మేళ్లచెరువులో రోజూ అందరికంటే ముందు ఒక పిల్ల ఎక్కేది. కోదాడలో ఇంటర్ మొదటి సంవత్సరం. బక్కపల్చని మనిషి, రెండు జడలు, సంచీనిండా పుస్తకాలు. ఎక్కగానే నేరుగా వెనక పొడుగు సీటు దగ్గరికి పోయేది. అందులో ఆరుగురు పడతారు. చున్నీ తీసి ఒక కొస నుంచి పరిచేది. అది చాలకపోతే రికార్డు పుస్తకం, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా వరసగా పెట్టేది. క్వార్టర్ల గేటు దగ్గర ఆరుగురు ఆడపిల్లలు ఎక్కి, ఆ సామానంతా తీసి ఈ పిల్ల చేతుల్లో పెట్టి కూర్చునేవాళ్లు. ఈ పిల్ల వాటిని గుండెలకు హత్తుకుని, వాళ్ల ముందు కమ్మీ పట్టుకుని, కోదాడ దాకా నిలబడేది. వాళ్లు నవ్వినప్పుడల్లా నవ్వేది. జోకు అర్థమయ్యేదాకా ఆగేది కాదు.

ఎన్నాళ్లో చూసి ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. బస్సంతా ఖాళీగా ఉండగా ఎక్కుతున్నవు, ముందట ఇంకో సీటు నీకోసం ఆపుకోవచ్చు కదా అన్నాను. నా తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు చూసింది.

"గాడ కూసుంటే వాళ్ల మాటలు వినపడవు మేడం" అంది.

ఆ ఆరుగురిలో ఒక పిల్ల నాయకురాలు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పర్మినెంటు. ఆ సంగతి మొదటి రోజే నాకు కూడా తెలిసింది, నేను అడగకుండానే. ఎవరి బ్యాగు బాగుంది, ఎవరి జుట్టు బాగాలేదు అన్నది ఆ పిల్ల చెబితే మిగతావాళ్లు ఒప్పుకునేవాళ్లు. ఆ బృందంలో గొప్పతనానికి ఒక కొలత ఉండేది. అమ్మ ఇంట్లోనే ఉండాలి. అమ్మ ఏం చేస్తుంది అని అడిగితే 'హౌస్ వైఫ్' అని చెప్పగలగాలి. నలభై మంది కూర్చునే బస్సులో డెబ్బై మందికి టికెట్లు కొడుతూ నేను ఆ మాట విని మురిసిపోయేదాన్ని.

ఒకసారి ఆ ఆపిన సీటు దగ్గర కాలు సరిగ్గా లేని ఒక పెద్దాయన నిలబడ్డాడు. నేను వెళ్లి చున్నీ తీయబోయాను. సీట్లు ఆపే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "తియ్యకండి మేడం. సీటు లేకపోతే రేపటి నుంచి నాతోని మాట్లాడరు" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. విద్యార్థులతో స్నేహంగా మెలగాలని అంతకు ముందే పైనుంచి కాగితం వచ్చింది. నేను స్నేహంగా చున్నీ వదిలేశాను. పెద్దాయన స్నేహంగా నిలబడ్డాడు.

అడ్డరోడ్డు దగ్గర ఎక్కే కూలి ఆడవాళ్లలో ఒకామె ఎప్పుడూ చివర ఎక్కి, ముందు డోరు దగ్గరే నిలబడేది. సీటు ఖాళీ ఉన్నా కూర్చునేది కాదు. ఆమె ఆధార్ కార్డులో ఊరు మేళ్లచెరువు అని ఉంది. బస్సు ఆ ఊళ్లోనే బయల్దేరుతుంది కదా, చేలకడ్డంపడి ఇంత దూరం నడిచొచ్చి ఇక్కడెందుకు ఎక్కుతున్నవ్ అని అడిగాను. ఆమె వెనక్కి ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"నా బిడ్డ గీ బస్సులనే ఉంటది మేడం. వెనక నిలవడ్తది సూడు, గా పిల్ల. దసరా దాంక ఒక్కతే తిరిగింది. ఎవలూ మాట్లాడలే. కాలేజీ బంద్ జేసి నీతోని మిరపకాయకొస్త అని ఒకటే ఏడుపు. ఇప్పుడు దేవునికి స్తోత్రం, దోస్తులైండ్రు. నేను ఇంట్లనే ఉంటనని చెప్పుకున్నదట. చెప్పుకోనీ. జర నా సంగతి ఎత్తకు మేడం."

నాకు ఒళ్లు మండింది. తల్లి ఇట్లా నడుస్తుంటే ఆ పిల్లకు సిగ్గు లేదా అన్నాను. ఆమె నన్నే ఓదార్చింది. పిల్ల నవ్వుతుంటే చూడబుద్ధవుతుందని, అందుకే ముందు నిలబడతానని, ఇక్కడి నుంచి బాగా కనపడుతుందని చెప్పింది. ఇక నేనేం మాట్లాడను? టికెట్టు కొట్టిచ్చాను. ఆ రోజు నుంచి ఆ రహస్యం నా దగ్గర ఉండిపోయింది. డ్రైవరన్నకు కూడా చెప్పలేదు. ఆయనకు ఒక మాట చెబితే బస్సుకు మైకు పెట్టినట్టే.

సంక్రాంతి సెలవులైపోయి కాలేజీలు తెరిచాక, ఒకరోజు ఆరుగురిలో ఒక పిల్ల రాలేదు. జ్వరమట. పొడుగు సీటులో ఒక చోటు మిగిలింది. నాయకురాలు దయతలచి ఈ పిల్లను కూర్చోమంది. ఆ పిల్ల ముఖం మీరు చూసి ఉండాల్సింది. సర్పంచిగా గెలిచినవాళ్లు కూడా అంత సంతోషంగా కనపడరు. ఇద్దరి మధ్య ఒదిగి కూర్చుని, మాట మాటకూ పకపకా నవ్వుతోంది.

అడ్డరోడ్డు వచ్చింది. కూలివాళ్లు ఎక్కారు. ఆ తల్లికి ముందు రోజు కాలువ గట్టు మీద జారి మోకాలు వాచింది. చీరపేలిక కట్టుకుని కుంటుతూ ఎక్కింది. ఆ పూట ముందు డోరు దగ్గర ఎవరివో ఎరువు బస్తాలున్నాయి, నిలబడే చోటు లేదు. జనం తోసుకుంటూ ఆమెను వెనక్కి నెట్టారు. నెట్టి నెట్టి సరిగ్గా పొడుగు సీటు ముందు నిలబెట్టారు. తల్లి కమ్మీ పట్టుకుని కిటికీ బయటికి చూస్తోంది. కూతురు ఒళ్లో పుస్తకం తెరిచి దాంట్లోకి చూస్తోంది. నేను మధ్యలో మిషను పట్టుకుని ఇరుక్కుపోయాను.

డ్రైవరన్న అద్దంలో కుంటే మనిషిని చూశాడు. బస్సు కదపకుండా మొదలుపెట్టాడు.

"ఓ కాలేజీ పిల్లలూ, ఎవలో ఒకలు లేసి గామెకు సీటియ్యిండ్రి. మీ అమ్మయితే గిట్లనే నిలవెడ్తరా?"

ఆయనకు సైగ చేద్దామంటే మధ్యలో ఇరవై తలకాయలున్నాయి. నాయకురాలు మాత్రం తడుముకోలేదు.

"మా మమ్మీ కూలికి వెళ్లదు అంకుల్. హౌస్ వైఫ్" అంది.

పొడుగు సీటంతా గొల్లుమంది. ఈ పిల్ల కూడా నవ్వింది. నేను కళ్లారా చూశాను. అందరికంటే ముందు నవ్వింది. అట్లాంటి నవ్వు నాకు కొత్తేమీ కాదు, సూర్యాపేటలో, మిర్యాలగూడలో అదే నవ్వు మీద బతికాను. కానీ ఆ తల్లి కూడా నవ్వింది. బిడ్డ నవ్వు పక్కన తన ముఖం వేరుగా కనపడకూడదని కాబోలు, పెదాలు సాగదీసి నవ్వింది.

కూలివాళ్లకు మేస్త్రి అయిన ఒక పెద్దామె వాళ్లలో ఉంది. నోటికి భయపడే రకం కాదు. ఆమె ఓర్చుకోలేకపోయింది.

"మీ అమ్మలు కూలికి పోరని నవ్వుతున్నరా? నీ పక్కన కూసున్నదాని తల్లే గీమె. అడుగు దాన్ని."

ఐదు తలలూ ఒక్కసారి ఈ పిల్ల వైపు తిరిగాయి. ఈ పిల్ల నోరు తెరవబోయింది. ఆ తల్లే అందుకుంది.

"ఉత్తగనే అంటున్నది బిడ్డా. నాకు పిల్లలే లేరు."

ఇంజను చప్పుడులో ముందున్న డ్రైవరన్నకు ఆ మాటలు వినపడనే లేదు. ఆ పిల్ల లేచింది. పుస్తకాల సంచీ సీటు మీదే వదిలేసి, జనాన్ని తోసుకుంటూ నా పక్కనుంచే దిగిపోయింది. తల్లి ఆ సంచీ తీసుకుని కుంటుతూ వెనక దిగింది. కిటికీలోంచి చూస్తే పిల్ల ముందు పరుగులాంటి నడక, తల్లి వెనక మోకాలు ఈడ్చుకుంటూ నడక. బస్సు టైము ప్రకారం పోవాలి, మేము కదిలాం.

డిపోకు వచ్చాక డ్రైవరన్నకు సంగతంతా చెప్పాను. అప్పటిదాకా తన డైలాగు ఎంత బాగా పేలిందో చాయ్ దుకాణం దగ్గర చెప్పుకుంటున్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"ముందుగాల చెప్పొద్దా చెల్లె నాకు?" అన్నాడు.

"ముందుగాల నోరు మూసుకోవద్దా అన్నా నువ్వు?" అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన అద్దంలోకి చూడటమే తగ్గించాడు. నీతులు లేకపోతే బస్సు ఎంత ప్రశాంతంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. కానీ ఆ ప్రశాంతత నాకు సంతోషమివ్వలేదు.

పిల్ల రాలేదు. ఆ వారం మిరప ముఠా ఊరి పక్క చేలల్లోనే పని పట్టుకోవడంతో తల్లి కూడా రాలేదు. మేళ్లచెరువులో బస్సు బయల్దేరేటప్పుడు రోజూ వెనక సీటు చూసేదాన్ని. నేను చున్నీ మీద చెయ్యి వేసినప్పుడు ఆ పిల్ల భయపడింది మాటలు ఆగిపోతాయని. ఇప్పుడు చదువే ఆగిపోయేట్టుంది. ఒకరోజు నాయకురాలు నా దగ్గరికి వచ్చి, ఆ అమ్మాయి రావట్లేదేంటి మేడం అని చాలా దిగులుగా అడిగింది. ఎంత ప్రేమో అనుకున్నాను. పొడుగు సీటులో పాలక్యాన్లవాళ్లు కూర్చున్నారు మరి, ఆరుగురూ నిలబడాల్సి వచ్చింది. రెండు రోజులకు వాళ్లే ఉపాయం ఆలోచించుకున్నారు. ఆరుగురిలో కాస్త మెత్తని పిల్లను ఒకదాన్ని పొద్దున్నే ఆటోలో ఊళ్లోకి పంపించి సీట్లు ఆపించడం మొదలుపెట్టారు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉండేది కాదు.

ముఠా మళ్లీ మా బస్సుకు వచ్చిన రోజు తల్లి లేదు, మేస్త్రమ్మ ఒక్కతే పిల్ల సంగతి చెప్పింది. కాలేజీ బంద్ అని తల్లి వెంట మిరపచేనుకు వచ్చిందట. ఆ పిల్ల పక్క సాలులో, అంటే పక్క వరసలో, ఎవరు ఏరతారని చూస్తే అందరూ మేస్త్రమ్మ ముఖం వైపు చూశారట. అక్కడా ఒక లెక్క ఉంటుంది మరి, చేతకాని కొత్తవాళ్ల పక్క సాలు ఎవరూ పట్టరు. మేస్త్రమ్మే పట్టిందట.

"నాలుగు మాటలన్న. బగ్గ తిట్టిన. పగటాల నా గిన్నెల నుంచి నాలుగు బుక్కలు పెట్టిన. ఏడ్సుకుంట తిన్నది. మిరపకాయ చేతులతోని కండ్లు తుడుసుకొని ఇంకింత ఏడ్సింది" అని చెప్పింది మేస్త్రమ్మ. ఇంకేమైనా అన్నదా పిల్ల అని అడిగాను. "ఏం అనలే. 'నేను నవ్విన కదా పెద్దమ్మా' అన్నది. గంతే."

సోమవారం మేళ్లచెరువులో బస్సు పెట్టి నేను కింద నిలబడి ఉన్నాను. ఆ పిల్ల వచ్చింది. నా ముఖం చూడలేదు. ఎక్కి వెనక్కి పోకుండా, మధ్యలో ఇద్దరు కూర్చునే సీటులో కిటికీ పక్కన కూర్చుంది. సంచీలోంచి ఒక తువ్వాల తీసింది. ఎండకు వెలిసిపోయి, మిరపకాయ మరకలతో ఎర్రబడ్డ తువ్వాల. దాన్ని పక్క చోటులో పరిచింది. నేను టికెట్టు కొట్టి చేతిలో పెట్టాను.

క్వార్టర్ల గేటు దగ్గర ఐదుగురు ఎక్కారు. సీట్లు ఆపే మెత్తని పిల్ల ఆ రోజు ఊళ్లోకీ రాలేదు, గేటు దగ్గరకీ రాలేదు. దానికీ మోజు తీరినట్టుంది. పొడుగు సీటు అప్పటికే వేరేవాళ్లతో నిండిపోయింది. మిగతావాళ్లు అటూ ఇటూ సర్దుకున్నారు, నాయకురాలికి మాత్రం చోటు దొరకలేదు. మా పిల్లను చూడగానే ముఖం విప్పారింది. ఎన్ని రోజులైందే నిన్ను చూసి, మేమందరం నిన్నే తలుచుకుంటున్నాం అని వాటేసుకున్నంత పని చేసింది. మాట్లాడుతూనే తువ్వాల కొస పట్టుకుని పైకి లేపింది.

"ఉంచు. మనిషున్నది" అంది మా పిల్ల.

"ఎవరు?"

నెమ్మదిగానే అంది గానీ నాకు డోరు దగ్గరికి వినపడింది.

"మా అమ్మ. అడ్డరోడ్డు కాడ ఎక్కుతది."

నాయకురాలు తువ్వాలను రెండు వేళ్లతో మళ్లీ అక్కడే పెట్టింది. మరకలు వేళ్లకు అంటాయేమోనని చూసుకుంది. కమ్మీ పట్టుకుని నిలబడింది. దేవుడా, గేటు నుంచి అడ్డరోడ్డు దాకా దూరం కాస్త ఎక్కువుంటే, ఆ ఖాళీ సీటు ముందు నాయకురాలు ఇంకాసేపు నిలబడితే బాగుండని నేను కోరుకున్నాను. నా వయసుకు తగిన కోరిక కాదు, అయినా కోరుకున్నాను.

అడ్డరోడ్డు దగ్గర కూలివాళ్లు ఎక్కారు. తల్లి ఎప్పటిలాగే చివర ఎక్కి, ఎవరివైపూ చూడకుండా డోరు దగ్గర నిలబడిపోయింది.

"అమ్మా, గీడ" అని పిలిచింది పిల్ల.

తల్లి వెనక్కి తిరిగి చూసింది. తన వెనక ఇంకెవరో ఉన్నారేమోనని. మేస్త్రమ్మ వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. తల్లి వచ్చి, తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకుని, సీటు అంచున సగమే కూర్చుంది. పిల్ల చెయ్యి పట్టి లోపలికి లాగింది. డ్రైవరన్న చాలా రోజుల తర్వాత అద్దంలోకి చూశాడు, నోరు కూడా తెరిచాడు. నేను కళ్లెర్ర చేశాను. బుద్ధిగా గేరు వేశాడు.

మిషను పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాను. తల్లి రొంటిన దోపుకున్న కవరులోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది.

"రెండు కొట్టు మేడం" అంది. గట్టిగానే అంది, పక్కన నిలబడ్డవాళ్లందరికీ వినపడేట్టు. "నాకొకటి, నా బిడ్డకొకటి."

నాది అయింది కదమ్మా అని పిల్ల తన చేతిలోని టికెట్టు చూపించబోయింది. తల్లి అటు చూడలేదు.

"రెండు కొట్టు మేడం. నా బిడ్డకొకటి" అంది మళ్లీ.

మనిషికి ఒక్క టికెట్టే కొట్టాలని రూలు. ఆ రోజు నేను ఎన్ని కొట్టానో మాత్రం మీకు చెప్పను. నా రిటైర్మెంటు లెక్కలు ఇంకా పూర్తిగా తేలలేదు.